ఏం రాయాలో తోచనప్పుడు: చిక్కడపల్లి డీటీపీ షాపు నుంచి

మొన్న శ్రావణంలో ఒకాయన మా షాపుకి శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికి వచ్చాడు. చిక్కడపల్లిలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ఇరవై రెండేళ్లుగా నేనూ మా ఆయనా నడుపుతున్నాం. ఆయన జిరాక్స్ మిషను చూసుకుంటాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, అద్దె అగ్రిమెంట్లు, పేరు మార్పు అఫిడవిట్లు, కవుల పుస్తకాలు... మ్యాటర్ ఎవరిదైనా టైపు కొట్టేది నేనే.

శుభలేఖ కోసం వచ్చినాయన ప్రూఫు కాగితాన్ని కౌంటర్ మీద పరుచుకుని, ప్రతి మాట కింద వేలు పెట్టి చదివాడు. ముహూర్తం సరిపోయింది, ఫంక్షన్ హాలు అడ్రసు సరిపోయింది. కింద 'ఆహ్వానించువారు' దగ్గర మూడు పేర్లున్నాయి. రెండో పేరు మీద వేలు ఆగింది. "ఇది తీసెయ్యమ్మా" అన్నాడు. తీసేశాను. ఇంకో ప్రూఫు ఇస్తే చూసి, సరే అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున షటర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "నిన్న తీసిన పేరు మళ్ల పెట్టమ్మా."

"ఇదివరకట్లాగే రెండోదేనా అన్నా?"

"కాదు, ఆఖర్న పెట్టు."

పెట్టి ప్రింటు తీసిచ్చాను. చాలాసేపు చూశాడు. ఇంకు అంటుకుందేమో అన్నట్టు ఆ పేరు మీద బొటనవేలితో ఒకసారి రుద్దాడు. "అక్షరం ఇంకొంచెం చిన్నగ వస్తదా?" అని అడిగాడు. మిగతా పేర్లు పద్నాలుగు పాయింట్లలో ఉన్నాయి. ఈ ఒక్క పేరూ పన్నెండుకి తగ్గించాను. "కనవడ్తది గదా?" అన్నాడు. కనబడుతుందన్నాను. "సాలు" అన్నాడు.

ఈయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అలా ఎందుకు మార్చాలో తర్వాత చెబుతాను.

ఆ ఆదివారం మా అక్క కూతురు ఇంటికొచ్చింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కథలు రాయాలని గట్టి కోరిక. "చిన్నమ్మా, ల్యాప్‌టాప్ ముందర కూసుంటే ఏం తోస్తలేదు. ఏదన్నా ప్రాంప్ట్ ఇయ్యి" అంది. ప్రాంప్ట్ అంటే రాయడం మొదలుపెట్టడానికి ఇచ్చే చిన్న ఊతం. ఫోన్‌లో అప్పటికే రెండు వందలకు పైగా ప్రాంప్టులు దాచుకుంది. వాటిని నాకు చదివి వినిపించింది. వర్షం పడుతున్న రాత్రి ఎవరో తలుపు కొట్టారు. ఒక పాత ఉత్తరం దొరికింది. ఒక రోజంతా మీరు ఎవరికీ కనిపించకపోతే ఏం చేస్తారు. వాటిని తీసిపారేయను, కొందరికి పనికొస్తాయి కూడా. కానీ ఆ తలుపు ఏ ఇంటిదో తెలియదు, ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో తెలియదు. ఊరూ పేరూ లేనిదాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే కలం కదలదు. ఆ పిల్లకి శుభలేఖ సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎవరి పేరు చిన్నమ్మా అది?" అని అడిగింది.

ఆ ప్రశ్న పుట్టిందంటే ఇక కలం తీయొచ్చు. అలాంటి ప్రశ్న పుట్టే పరిస్థితిని మనంతట మనమే ఎలా తెచ్చుకోవాలో ఆ పిల్లకి ఆరు నెలలుగా చెబుతున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రాంప్ట్ అనేది మనకి కొత్తదేం కాదు. తెలుగులో ఎన్నాళ్ల నుంచో ఉంది, మనం దాన్ని సమస్య అంటాం. మా షాపుకి కాస్త దూరంలోనే త్యాగరాయ గానసభ. అక్కడ జరిగిన అష్టావధానాలు కొన్ని వెనక వరసలో కూర్చుని చూశాను. అందులో అవధాని అనే ఒక్క కవిని ఎనిమిది మంది పృచ్ఛకులు ప్రశ్నలతో పరీక్షిస్తారు. వాళ్లలో ఒకరు అర్థం పొసగని పద్యపాదం ఒకటి ఇస్తారు. అది నిజమయ్యేలా అవధాని పద్యం పూర్తి చేయాలి. అందరికీ తెలిసిన సమస్య 'కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్'. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. తెనాలి రామకృష్ణుడు పూరించాడని చెప్పుకుంటారు. అరివీరభయంకరులైన పాండవులు వేషాలు మార్చుకుని విరాటరాజు కొలువులో చాకిరీకి చేరాల్సి వచ్చింది, విధి ఇలా ఉంటే ఏమనాలి అంటాడు. అంతే, ఏనుగులు దోమ గొంతులో పట్టేశాయి.

మొదటిసారి ఇది బుర్రకెక్కినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పృచ్ఛకుడు అవధానికి ఐడియా ఇవ్వడు. ఒకదానికొకటి పొసగని రెండు విషయాలు కలిపి ముందు పెడతాడు. ఇది ఎప్పుడు నిజమవుతుందని కవి తనని తాను అడుగుకుంటాడు. కథ రాసేవాళ్లు వెతకాల్సింది కూడా సరిగ్గా అదే. పేరు తీసేయమన్న మనిషే తెల్లారేసరికి వచ్చి పెట్టమన్నాడు. ఇది ఎప్పుడు నిజమవుతుంది? ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగితే ఇలా జరుగుతుంది?

మొదట చేయాల్సిన పని ఒక నోట్‌బుక్ కొనుక్కోవడం. ఖరీదైనది వద్దు, అందులో రాయడానికి చెయ్యి రాదు. నేను వాడేది హ్యాండ్‌బ్యాగులో పట్టే వంద పేజీల రూళ్ల పుస్తకం. తెరిస్తే ఎడమ పేజీలో విన్నదీ చూసిందీ రాస్తాను, కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. ఎడమ పేజీలో రోజుకి మూడు సంగతులకి మించి రాయను. ప్రతిదానికీ తేదీ వేస్తాను. మాటలు వింటే విన్నవి విన్నట్టే రాయాలి. "కనవడ్తది గదా" అన్న మనిషి మాటని 'కనిపిస్తుంది కదా' అని దిద్దితే ఆ మనిషి అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాడు. అంకె తెలిస్తే అంకె వేయాలి. వస్తువు ఉంటే దాని పేరు రాయాలి. మన అభిప్రాయం మాత్రం రాయకూడదు. 'పాపం ముసలాయన', 'హృదయవిదారకం' లాంటి మాటలు ఎడమ పేజీలో కనబడితే నేను కొట్టేస్తాను. జాలి అంతా నోట్సులోనే పడిపోతే కథకి ఏం మిగులుతుంది?

కుడి పేజీని వారానికి ఒకసారే ముట్టుకోవాలి. ఆదివారం పొద్దున టీ తాగుతూ ఆ వారం ఎడమ పేజీలన్నీ చదువుకుంటాను. ఏదైనా ఒకటి కాస్త ఇబ్బంది పెడుతుంది. దానికి ఎదురుగా కుడి పేజీలో ఒకే ఒక్క వాక్యం రాస్తాను. అది సమస్యలా ఉండాలి, అంటే అందులో రెండు ముక్కలు ఒకదానితో ఒకటి పోట్లాడుతుండాలి. ఇరవై సంగతులకి ఒక సమస్య తేలితే నాకు మంచి వారమే.

ఒక ఉదాహరణ చూపిస్తాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ చూపిస్తే కండక్టరు డబ్బులు తీసుకోకుండా టికెట్ కొట్టిస్తారు, జీరో టికెట్ అంటున్నాం. ఒకరోజు కోఠి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి బొడ్డుసంచిలో దాచుకుంది. ఎక్కడికమ్మా అని అడిగితే "బిడ్డ ఇంటికి. మా పిలగాన్ని పైసలడగకుండ పోవుడు ఇప్పుడే" అంది. ఎడమ పేజీలో ఇంతే రాశాను: జీరో టికెట్, నాలుగు మడతలు, బొడ్డుసంచి, ఆవిడ అన్న మాట. ఆదివారం కుడి పేజీలో రాసుకున్న సమస్య ఇది: 'డబ్బులు పెట్టని టికెట్ పోయిందని ఆమె ఇల్లంతా వెతికింది.' ఆ వాక్యం నన్ను పదకొండు రోజులు పట్టుకుంది. చివరికి ఐదు పేజీల కథ అయింది. బస్సు గురించి అందులో రెండు పేరాలే ఉన్నాయి. మిగతాదంతా కొడుకు దగ్గర డబ్బులు అడగడం గురించే.

ఎక్కడ వెతకాలి అని మా పిల్ల అడిగింది. హైదరాబాద్‌లో ఉంటూ ఈ ప్రశ్న అడగకూడదు. అయినా నేను తిరిగే చోట్లు చెబుతాను.

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకాలు కొనండి, కానీ ముందు లోపలి మొదటి పేజీ చూడండి. కానుకగా ఇచ్చినవాళ్లు అక్కడ ఏదో ఒకటి రాస్తారు. ఓసారి ఒక నిఘంటువు దొరికింది. మొదటి పేజీలో 'ప్రియమైన' అని ఉంది, ఆ తర్వాతి పేరు బ్లేడుతో గీకేసి ఉంది, కింద సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. తనకి కానుకగా వచ్చిన పుస్తకాన్ని అమ్మేస్తూ ఇచ్చినవాళ్ల సంతకాన్ని వదిలేసి, తన పేరు మాత్రం గీకేసుకున్నారు. అది ఎవరో, ఎందుకో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావాలి. ఇంకో నవలలో నలభయ్యో పేజీ దగ్గర బస్ టికెట్ ఉంది. అక్కడిదాకా మూలలు మడిచి ఉన్నాయి, ఆ తర్వాత కొత్త పుస్తకంలా ఉంది. నలభయ్యో పేజీలో చదవడం ఎందుకు ఆగిపోయింది? ఇలాంటివి ఒక్క పూటలో నాలుగైదు దొరుకుతాయి.

మా చిక్కడపల్లి స్టేషన్ నుంచి మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాత సుల్తాన్ బజార్. అక్కడ 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. ఇంకో స్టేషన్ వెళ్లి ఎంజీబీఎస్‌లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఒకప్పటి అసఫియా, 1891 నాటిది. లైబ్రరీలో పాత పత్రికలు చేతికొస్తే మొదటి పేజీ వదిలేయండి. లోపల చిన్న ప్రకటనలుంటాయి: తప్పిపోయినవాళ్ల కోసం, పోయిన సర్టిఫికెట్ల కోసం, పేరు మార్చుకున్నవాళ్లవి, 'ఇకపై నా కుమారుని లావాదేవీలతో నాకు సంబంధం లేదు' అని ఒక తండ్రి వేయించినవి. ఇలాంటివి నేనే బోలెడు కొట్టాను. నాలుగు లైన్లలో సరిపెట్టాలి కాబట్టి మనిషి ప్రతి మాటా తూకం వేసి రాయిస్తాడు. ఏ మాట ఉంచాడు, ఏ మాట తీసేశాడు అన్న దగ్గరే ఆ తండ్రి దొరుకుతాడు.

అఫ్జల్‌గంజ్ దాకా వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టుని చూడకుండా రాకండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ చెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. అప్పటికి ఇప్పుడున్న ఆసుపత్రి భవనం లేదు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు.

ఈ చెట్టు నన్ను ఒకసారి బాగా దెబ్బతీసింది. 2015లో వరద మీద పెద్ద కథ రాయాలనుకున్నాను. తేదీలు పోగేశాను, పుస్తకాలు చదివాను, పదకొండు పేజీలు రాశాను. పేజీల నిండా నీళ్లున్నాయి, మనిషి లేడు. పక్కన పడేసి మూడేళ్లు ఒక్క ముక్క రాయలేదు. నాకు చేతకాదనే అనుకున్నాను. తర్వాత ఒకరోజు ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి వెళ్లి ఆ చెట్టు కింద నిలబడ్డాను. పైకి చూస్తే ఒక కొమ్మ కనిపించింది. దాని మీద ఇద్దరికే చోటుంది. ఆ ఇద్దరిలో ఒకరు రెండోవాళ్లకి బాకీ ఉంటే? అదీ ఊళ్లో కనబడకుండా తప్పించుకు తిరుగుతున్న బాకీ అయితే? రాత్రంతా ఆ కొమ్మ మీద పక్కపక్కనే కూర్చోవాలి. పదకొండు పేజీల్లో రాని మనుషులు ఇద్దరూ అక్కడికక్కడే వచ్చేశారు. అప్పటినుంచి చరిత్ర గురించి అడిగినవాళ్లకి నేను ఇదే చెబుతున్నాను: వరద రాయొద్దు, కొమ్మ రాయండి. కొమ్మ మీద ఒకరి పక్కన ఒకరు ఉండకూడని ఇద్దర్ని కూర్చోబెట్టండి.

ఇక అవధానంలోంచే నేను తెచ్చుకున్నవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. వాటిలో దత్తపది నాకు బాగా ఇష్టం. పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలిచ్చి, వాటితో భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యం చెప్పమంటాడు. వచనంలో ఎలా చేయాలంటే, ఒక రోజులో మీ చెవినపడ్డ నాలుగు మాటలు తీసుకోండి. విషయం మాత్రం వేరేవాళ్లని ఇమ్మనండి, మీరు ఎంచుకుంటే తేలికైంది ఎంచుకుంటారు. ఒక రోజు మా షాపులో దొరికినవి లామినేషన్, గొడుగు, కరివేపాకు, టోకెన్. మా ఆయన్ని విషయం ఇమ్మంటే 'అన్నదమ్ముల పంపకాలు' అన్నాడు. పావుగంటలో రాసింది ఇది:

'అమ్మ పోయాక పంచుకోవడానికి పెద్దగా ఏం లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు ఎవరి వాటాలోకి వస్తుందో తేలక సర్వేయరు టేపు రెండుసార్లు పట్టాడు. ట్రంకుపెట్టె అడుగున లామినేషన్ చేయించిన కాగితం కనబడగానే, పట్టా అనుకుని ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. అది ఆసుపత్రి టోకెన్. నలభై మూడో నంబరు. నాన్న పోయిన రోజు తేదీ ఉంది దాని మీద. బయట చినుకులు మొదలయ్యాయి. అన్న గొడుగు విప్పాడు. తమ్ముడు వెళ్లి కరివేపాకు చెట్టు కింద నిలబడ్డాడు.'

గొప్పగా ఉందని చూపించడం లేదు. టోకెన్‌ని లామినేషన్ చేయించిన అమ్మ నా బుర్రలో అంతకుముందు లేదు. ఆ రెండు మాటలూ ఒకే పేరాలో ఇరుక్కోవడం వల్ల వచ్చింది. నన్ను నాలుగు మాటలు వెతుక్కోమంటే గోదావరి, వెన్నెల, అమ్మ, ఊరు అని రాసుకునేదాన్నేమో. అవి అప్పటికే ఒకదానికొకటి చుట్టాలు. వాటి నుంచి కొత్త మనిషి రాడు.

నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డం పడుతుంటాడు. మనం అక్షరాల బదులు మాటల్ని నిషేధించుకుందాం. చావు గురించి రాస్తున్నారా? ముందే ఒక కాగితం మీద గుండె, కన్నీళ్లు, బాధ, ఏడుపు, మౌనం, శూన్యం అని రాసి ఎదురుగా అతికించుకోండి. ఇవేవీ వాడకూడదు. మా పిల్ల మొదట ఇలా రాసింది: 'ఆ వార్త విని లక్ష్మి గుండె పగిలింది. కన్నీళ్లు ఆగలేదు.' ఆ మాటలు వాడొద్దన్నాక అరగంట కూర్చుని ఇది రాసింది: 'ఫోను పెట్టేసి లక్ష్మి వంటింట్లోకి వెళ్లింది. రెండు గ్లాసుల బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. ఒక గ్లాసు తీసి మళ్లీ డబ్బాలో పోసింది. కాసేపాగి డబ్బా మూత మళ్లీ తీసింది.' ఆ చివరి వాక్యం చదివి నేను దాని చెయ్యి పట్టుకున్నాను. నేను నేర్పింది కాదది. రోజూ వాడే మాటలు దొరక్కుండా చేస్తే చెయ్యి తనంతట తనే వెళ్లి బియ్యం డబ్బా తెరిచింది.

అవధాని పద్యం మీద ఉండగా సంబంధం లేని మాటలతో అడ్డుపడటమే అప్రస్తుత ప్రసంగం. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ సన్నివేశం ముందుకు కదలకపోతే సంబంధం లేని మనిషిని ఒకర్ని లోపలికి పంపండి. భార్యాభర్తలు విడిపోవడం గురించి మాట్లాడుకుంటుంటే గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చి ఓటీపీ అడగాలి. ఇద్దరిలో ఎవరి ఫోన్‌కి ఓటీపీ వస్తుందో చూడండి.

ఘంటాగణనంలో మధ్యమధ్యలో మోగే గంటల్ని అవధాని లెక్కపెట్టుకోవాలి. మనకి గంట కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఫోన్‌లో ఇరవై నిమిషాలు టైమర్ పెట్టుకోండి. మోగేదాకా చదువుకోవద్దు, దిద్దొద్దు. నేను షాపు తెరిచి మొదటి గిరాకీ వచ్చేలోపు రాస్తాను. కొన్నిసార్లు ఆరు నిమిషాలకే ఎవరో ఒకరు ఆధార్ జిరాక్స్‌కి వస్తారు. ఆ ఆరు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి.

మొదట ఒక మాట బాకీ పడ్డాను, అదిప్పుడు చెబుతాను. నా టేబుల్ మీదికి జనం జీవితాలు కాగితాల మీద వస్తాయి. విడాకుల నోటీసులు, ఆసుపత్రి రిపోర్టులు, అప్పు పత్రాలు. వాళ్లు నాకు ఇచ్చేది కొట్టి పెట్టమని, రాసి పెట్టమని కాదు. చాలా ఏళ్ల కిందట ఒక సంగతిని పెద్దగా మార్చకుండా రాసేశాను, ఒక పత్రికలో వచ్చింది. ఆ మనిషి చదివింది. షాపుకి వచ్చి ఏమీ అనలేదు. కాగితాలు జిరాక్స్ తీయించుకుని డబ్బులిచ్చి వెళ్లింది, మళ్లీ రాలేదు. అప్పటినుంచి నాకో కట్టుబాటు ఉంది. కాగితంలోని సంగతి తీసుకోను, కాగితాన్ని ఆ మనిషి ఎలా పట్టుకున్నాడో అది తీసుకుంటాను. వయసు, ఊరు, చుట్టరికం, కులం, వృత్తి మారుస్తాను. అంత మార్చాక కూడా ఆ మనిషి చదివితే ఇది నాదే అని నొచ్చుకుంటారని అనిపిస్తే కథ పక్కన పెట్టేస్తాను. బస్సులోనో ఇరానీ హోటల్లోనో విన్న మాటకి కూడా ఇదే వర్తిస్తుంది. ఎదుటివాళ్ల ముఖం మీదే ఫోన్ తీసి రికార్డు చేయడం మాత్రం అస్సలు చేయకండి. రెండు మాటలు గుర్తుంచుకుని, దిగాక రాసుకోండి. గుర్తుండనివి పోతే పోయాయి.

ఇవన్నీ చేసినా ఏమీ తోచని వారాలు వస్తాయి. టెన్షన్ పడి ఇంకో వంద ప్రాంప్టులు వెతకొద్దు. నేనైతే పాత నోట్‌బుక్కులు తీసి, రెండేళ్ల కిందటి కుడి పేజీ ఒకటీ ఈ నెల ఎడమ పేజీ ఒకటీ పక్కపక్కన పెడతాను. అప్పుడు పొసగనివి ఇప్పుడు పొసగొచ్చు, పొసగకపోతే ఇంకా మంచిది. ఇంకో మార్గం, మీ పనిలోనే వెతుక్కోవడం. మీరు బ్యాంకులో ఉంటే టోకెన్ తీసుకుని కౌంటర్ దాకా రాకుండా వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. బడిలో ఉంటే హాజరు పట్టీలో మధ్యలో ఆగిపోయిన పేర్లుంటాయి. మా పిల్ల అయితే తన పనిలో ఏమీ ఉండదని నాతో వాదించింది. ఉద్యోగం మానేసిన అమ్మాయి డెస్కు సొరుగులో ఏం దొరికిందని అడిగితే, తాళంచెవి, సగం వాడిన కుంకుమ భరిణ, కొత్త కంపెనీ ఐడీ కార్డు అంది. కొత్త కంపెనీ కార్డు పాత ఆఫీసు సొరుగులో ఎందుకు మర్చిపోయిందో దానికి ఇంకా అంతుపట్టలేదు.

మొదలుపెట్టడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. నా కుడి పేజీల్లోంచి కొన్ని ఇస్తున్నాను, నేను ఇంకా పూరించనివే. నచ్చింది తీసుకుని మీదిగా చేసుకోండి. 'దశదినకర్మ కార్డులు మూడు వందలు వేయించాడు, ఒక్కటీ పంచలేదు.' 'అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె గోడకి సున్నం వేయించింది.' 'పేరు మార్చుకున్న రోజు నుంచి అందరూ అతన్ని పాత పేరుతో పిలవడం మొదలుపెట్టారు.' 'బోనం ఎత్తుకున్న ఆమె గుడి దాకా వెళ్లి, లోపలికి పోకుండా పక్క వీధిలోకి తిరిగింది.' 'ఫలితాలు వచ్చిన రోజున కూడా అతను లైబ్రరీలో తన కుర్చీలోనే కూర్చుని చదువుతున్నాడు.' ఈ చివరిది అశోక్‌నగర్ వైపు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని చూసి రాసుకున్నది. అతను గెలిచాడో ఓడాడో నేను తేల్చలేదు, మీరు తేల్చండి.

శుభలేఖ మాత్రం ఇవ్వలేను. దాన్ని మా పిల్ల తీసేసుకుంది. నేను ఆ రెండో పేరు కొడుకుదై ఉంటుందని అనుకుంటూ వచ్చాను. దాని కథలో అది ఎవరి పేరో ఇంకా రాయనే లేదు. ఆయన షాపు నుంచి ఇంటికెళ్లి కొత్త ప్రూఫు భార్యకి చూపించడంతో మొదలుపెట్టింది. రాత్రి పదకొండు. ఆవిడ పెళ్లి పిండివంటల కోసం బెల్లం తరుగుతోంది. కాగితం చూసి, కత్తిపీట పక్కకి జరిపి, చేతులు కడుక్కోకుండానే లేచి వెళ్లి పడుకుంది. తెల్లవారుజాము దాకా ఆయన ఆ బెల్లం తరిగాడు.

నిన్న రాత్రి అక్కడిదాకా పంపి, "చిన్నమ్మా, పన్నెండు పాయింట్లంటే ఎంతుంటది?" అని మెసేజ్ పెట్టింది. పొద్దున షాపు తెరవగానే ఒక తెల్లకాగితం మీద రెండు పేర్లు కొట్టాను. ఒకటి పద్నాలుగులో, ఒకటి పన్నెండులో. ప్రింటు తీసి, పక్కన స్కేలు పెట్టి, ఫొటో తీసి పంపాను.